పెద్దలు తిన్న కాయలు

మా ముత్తాతగారు సంస్థానం రోజుల్లో నూజివీడు పడమటి గ్రామాలకు శిస్తు వసూలుదారు. ఆయన ఎదురుగా వస్తుంటే ఎడ్లబండ్లు రోడ్డు దిగి పక్కకు నిలిచేవట. మా తాతగారు వసూళ్ళు పోయాక కూడా పల్లకీ మానలేదు. మోసేవాళ్ళు దొరకని ఏడాది నుంచి ఊళ్ళోకి రావడమే మానేశారు. మా నాన్నగారి జీవితం కోర్టు వాయిదాలకు విజయవాడ వెళ్ళి రావడంలో గడిచింది. అయినా చివరి వరకు ఇస్త్రీ చొక్కా లేకుండా గుమ్మం దాటలేదు. నేను ఆయన ఒక్కగానొక్క కూతురిని, ఆ ఇంట్లో నెలజీతం తీసుకున్న మొదటి మనిషిని. నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు ఆయన "ఎవరి కింద?" అని ఒక్క మాట అడిగారు. మళ్ళీ ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు.

ఉద్యోగం తోటల శాఖలో. మామిడికి పట్టే తెగుళ్ళనూ పురుగులనూ చూసి రిపోర్టు రాయడం నా పని. ఇప్పుడు ఆ పనిలో కొత్తగా చేరినవాళ్ళు ఫోన్ చేసి సర్వే ఎలా చేయాలి, నమూనాలు ఎన్ని తీయాలి అని అడుగుతుంటారు. అవన్నీ మీ పుస్తకాల్లో ఉన్నాయి. అందులో లేనిది ఒకటి చెబుతాను. ఒక్క అబద్ధమూ రాయకుండా నేను తప్పుడు రిపోర్టు ఎలా రాశానో వినండి.

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు మాట. పొరుగు దేశాలతో పళ్ళ వ్యాపారం మీద సుంకాలు ఎత్తేయాలా వద్దా అని దేశమంతా వాదులాడుకుంటున్న వేసవి అది. ఒప్పందం మీద సంతకాలు పెట్టేముందు పండించేవాళ్ళ అభిప్రాయం తీసుకోమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నూజివీడులో రెండు సభలు ఏర్పాటయ్యాయి. మొదటిది మనలో మనం మాట్లాడుకోవడానికి. రెండోది పొరుగు దేశం నుంచి వచ్చే తనిఖీ బృందం ముందు. వాళ్ళు రెడ్డిగూడెం రోడ్డు మీద వరసగా ఉన్న కొన్ని తోటలను చూస్తారు. పురుగు లేదని నమ్మకం కుదిరితే మొదటి లారీలు అక్కడినుంచే బయల్దేరతాయి.

ఆ రోజుల్లో టీకొట్టు దగ్గర ఇంకో మాట వినబడేది కాదు.

"గేటు తీస్తే మన బంగినపల్లి నాలుగో రోజుకి వాళ్ళ బజార్లో ఉంటదండీ," అనేవాడు టౌనులో మండీ నడిపే వ్యాపారి.

"మనది వెళ్ళే గేటులోంచే వాళ్ళదీ వస్తది కదా. వాళ్ళ గుజ్జు డబ్బాలు దిగితే గుజ్జుకి పోయే మన కలెక్టర్ మామిడి ఎవరు కొంటారు? నువ్వు కొంటావా?" అని ఎదురు తగిలేవాడు ఒక పెద్దరైతు.

"నేనెప్పుడు కొనలేదు చెప్పు?"

"నువ్వు కొన్నప్పుడల్లా మాకు ఏడుపే కదయ్యా!"

నవ్వులయ్యాక మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళు. ఆ పెద్దరైతు వాదనలో జనానికి బాగా పట్టింది గుజ్జు డబ్బాల మాట కాదు, పురుగు మాట. గేటు తీస్తే వాళ్ళ కాయతోపాటు వాళ్ళ టెంక పురుగు కూడా వస్తుందన్నాడు.

టెంక పురుగు గురించి తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. కాయ గోళీ అంత ఉన్నప్పుడు తల్లిపురుగు తొక్క మీద గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు కండలోంచి దారి చేసుకుని టెంకలోకి చేరుతుంది. కాయ పెరిగేకొద్దీ ఆ దారి పూడిపోతుంది. గాయం మాని తొక్క నున్నబడుతుంది. మచ్చ ఉండదు, వాసన ఉండదు. టెంక పగలగొడితే తప్ప లోపల ఎవరో ఉన్నారని తెలియదు. రాలిన టెంకలు ఏరి కాల్చకపోతే పురుగు అక్కడో బెరడు సందుల్లోనో దాగి, మరుసటి పూతకు మళ్ళీ చెట్టెక్కుతుంది.

మన వరసలో ఆ పురుగు లేదని సర్వే చేసి రాయడం నా బాధ్యత. ఒకప్పుడు ఆ తోటలన్నీ మావే కాబట్టి ఆ పని నాకే అప్పగించడం న్యాయమని కూడా అనుకున్నాను.

టెంకలు చీల్చడానికి శాఖ ఇచ్చిన పరికరం ఎప్పుడూ పనిచేయలేదు. మా ఫీల్డ్ అసిస్టెంటు వాళ్ళింట్లో ఆవకాయ ముక్కలు కొట్టే కత్తిపీట తెచ్చేవాడు. చెట్టుకిన్ని చొప్పున కాయలు కోయడం, చెక్కలుగా కొట్టడం, లోపల జీడి తెల్లగా ఉందని చూసి రాసుకోవడం.

"మేడం, ఇన్ని ముక్కలు పారబోస్తుంటే చెయ్యి రావట్లేదు. ఉప్పూ కారం శాంక్షన్ చేయించండి. ఆఫీసుకి రెండేళ్ళ పచ్చడి," అనేవాడు.

వరస మధ్యలో ఒక ఆవిడ తోట ఉంది. నాలుగెకరాలు. ఆమె తల్లి మా తోటల్లో గంపలు మోసిన మనిషి. ఆమె, భర్త కూలికి వెళ్ళి, తర్వాత తోటలు కౌలుకు చేసి, మా నాన్నగారి దగ్గర ఒక్కో ఎకరమే కొనుక్కున్నారు. భర్త పోయాక తనే చూసుకుంటోంది. ఆమె యజమానురాలై అన్నేళ్ళు గడిచినా నేను "ఏమే" అనే పిలిచేదాన్ని. ఆమె "అమ్మగారూ" అనేది. అందులో నాకు ఏ ఇబ్బందీ కనిపించలేదు.

సర్వే రోజు ఆమె మా వెంటే నడిచింది. మేం పడమటి వైపు ఏ చెట్టు దగ్గర ఆగినా, "ఇక్కడెందుకండీ అమ్మగారూ, రోడ్డు వైపు రండి, అటు నీడ బాగుంటది," అని పక్కకు తిప్పేది. ఎందుకని నేను అడగలేదు. నాకు నీడ కావాలనే ఆమె ఆరాటపడుతోందని అనుకున్నాను.

ఆమె తోటకు పడమట ఒక గోడ. గోడ లోపల నలభై సెంట్లు. అప్పటికి మాకంటూ మిగిలిన భూమి అదొక్కటే. అయిదు సమాధులు, ఏడు పెద్దరసాల చెట్లు. ముత్తాతగారు, తాతగారు, వాళ్ళ భార్యలు, చివరగా మా నాన్నగారు. ఆ చెట్ల కాయను మా ఇంటివాళ్ళు కోయరు, తినరు, దానికి ఇనుము తగలనివ్వరు. రాలింది రాలినచోటే మట్టిలో కలవాలి. బయటివాళ్ళు ఆ గోడ దరికి రారు. మిట్టమధ్యాహ్నం అక్కడ నిలబడితే గాలి లేకుండానే లోపల ఒక్కొక్క కాయ రాలుతున్న చప్పుడు వినిపిస్తుంది. రాలాక దొర్లిన చప్పుడు వినిపించదు. ఆకులు అంత మందంగా ఉంటాయి. చిన్నప్పుడు నేను ఆ చప్పుళ్ళు నాలుగు దాకా లెక్కపెట్టి చెవులు మూసుకునేదాన్ని. అప్పటికి సమాధులు నాలుగే. అయిదోది ఎవరికోసమో అని భయం.

"మేడం, లోపల ఇంకో ఏడు చెట్లున్నాయి," అన్నాడు అసిస్టెంటు, ఫారం తిప్పుతూ.

"అది తోట కాదు."

"మరి ఏం రాయమంటారు?"

"సమాధులని రాయి."

రాశాడు. ఆ ఫారంలో ప్రతి అక్షరమూ నిజమే. పురుగు లేదని సంతకం పెట్టాను.

మొదటి సభలో నన్ను మాట్లాడమన్నారు. నా మాట వినడానికి అంతమంది కూర్చోవడం మా ఇంట్లో తాతగారి తర్వాత అదే మొదటిసారి. ఆ సంగతి నాకు వేదిక ఎక్కేముందే గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది. "మా పెద్దలు నాటిన నేల ఇది. ఇక్కడ ఒక్క టెంకలోనూ పురుగు లేదు. వస్తే సరిహద్దు దాటే రావాలి," అన్నాను. పెద్దరైతు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. జనం అందుకున్నారు. వెనక వరసలో ఆ ఆవిడ మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది. నేను వేదిక దిగేసరికి వెళ్ళిపోయింది.

మూడో రోజు భోజనాల వేళ ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. బట్టల షాపు సంచీలోంచి నాలుగు టెంక చెక్కలు తీసి నా బల్లమీద పెట్టింది. జీడి ఉండాల్సినచోట నల్లటి పొడి.

"ఎక్కడివే ఇవి?"

"మా తోటలోయేనండీ. గోడ పక్క వరసవి."

"ఎప్పటినుంచి?"

"మూడేళ్ళయిందండీ. మొదట ఒక్క చెట్టే. పోయినేడు రెండో వరసకి వచ్చారు."

"వచ్చారేమిటి? ఎవరు?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "మీకు తెలీదా అమ్మగారూ? పెద్దలండీ. మీ పెద్దలు. గోడ ఇవతల రాలిన లోపలి చెట్ల కాయ ఎప్పుడు కొట్టినా ఇట్టాగే ఉంటదని మా అమ్మ చెప్పేది. పైకి కాయ కాయలాగే ఉంటది, లోపల వాళ్ళు తినేసుంటారు. పెద్దలు తిన్న కాయ అంటాం. చుట్టుపక్కల అందరికీ తెలుసు."

అందరికీ తెలుసు. ఆ కాయను ఎన్నడూ కొయ్యని మా ఒక్క ఇంటికే తెలియదు.

"అది పురుగు," అన్నాను.

సంచీలోంచి ఇంకో కాయ తీసి నా ముందు చుట్టూ తిప్పింది. తొక్క నున్నగా మెరుస్తోంది. "పురుగైతే కన్నం ఏదండీ?" తర్వాత గొంతు తగ్గించింది. "భూమి మాకు అమ్మేశారు కదండీ. కాగితం ఉంది. వాళ్ళకి ఆ సంగతి తెలీదేమో. మీరు చెప్పండమ్మగారూ. గోడ అవతలే ఉండమనండి. మీ మాటైతే వింటారు."

నవ్వబోయాను. నవ్వు రాలేదు.

"ఎల్లుండి ఆ బయటిదేశమోళ్ళు కాయలు కొడతారంట కదా. అందరి ముందూ నల్లగా వస్తే నా తోటలో కాలు పెట్టేదెవరు? కోతకి కూలోళ్ళు కూడా రారు. మండీ ఆయన ఎంతకో ఒకంతకి ఇచ్చెయ్యమంటన్నాడు. వాళ్ళొచ్చేలోపు ఇచ్చేస్తానండీ. నాకు భయంగా ఉంది."

"ఇవ్వకు. ఎల్లుండి దాకా ఆగు."

"ఆగితే ఏమవుద్దండీ?"

నేను డైరీ తీసి మర్నాటి పనులన్నీ కొట్టేశాను. ఆమె, "మీరు ఆగమంటే ఆగుతాను," అని చెక్కలు అక్కడే వదిలి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళ కష్టం నా మాట మీద రెండు రోజులు నిలబెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం అసిస్టెంటును తీసుకుని గోడ లోపలికి వెళ్ళాను. అతను గేటు దగ్గరే ఆగి చెప్పులు విప్పాడు. నేనూ విప్పాను. ఆకుల కింద ఎన్నో ఏళ్ళ టెంకలు. అడుగు వేస్తే పెంకుల మీద నడుస్తున్నట్టు పటపటమంటున్నాయి. ఎంత మెల్లగా నడిచినా చప్పుడు ఆగలేదు. మేం ఆగాక కూడా ఒకటి రెండు అడుగులు వినిపించినట్టనిపించింది.

"మేడం, నాకు పిల్లలున్నారు. మొదటిది మీరు కొట్టండి," అన్నాడతను. ఈసారి హాస్యానికి కాదు.

కత్తిపీట నేనే ముందుకు లాక్కున్నాను. చెట్టుకొక కాయ. ఆరు కాయల్లో ఆరూ నలుపే. పురుగైనా ఉంది, బయటికి పోయిన కన్నమైనా ఉంది. ఒకదాన్ని అరచేతిలో వేసుకున్నాను. ముట్టుకోగానే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడుకుంటుందది. దాని స్వభావమే అంత. ఎంతసేపో చూశాను. కదల్లేదు. నేను చూపు తిప్పగానే నడవడం మొదలుపెట్టింది.

ఏడో కాయ మా నాన్నగారి సమాధి మీదికి వంగిన కొమ్మది. టెంకను చుట్టూ తిప్పి, భూతద్దం పెట్టి చూశాను. ఎక్కడా సూదిమొన అంత సందు లేదు. కొట్టాను. లోపల ఏమీ లేదు. జీడి లేదు, పురుగు లేదు, పొడి కూడా లేదు. ఎవరో శుభ్రంగా తుడిచి మూసినట్టుంది.

"ఇది ఎట్టా రాయమంటారు మేడం?"

"ఆరు రాయి."

ఆ ఏడో కాయ సంగతి నేను ఏ కాగితంలోనూ రాయలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

తర్వాత ఆవిడ తోటంతా మళ్ళీ చూశాం. ఈసారి ఆమె మమ్మల్ని ఎటూ తిప్పలేదు. పురుగున్న చెట్టుకల్లా పటంలో ఎర్రచుక్క పెట్టాను. చుక్కలు గోడ దగ్గర ఒత్తుగా ఉన్నాయి. రెండో వరసలో పలచబడ్డాయి. మూడో వరసలో ఒకటి. గేటు తీసుకుని నెమ్మదిగా తోటలోకి నడిచి వచ్చిన అడుగుల్లా ఉన్నాయి.

ఆ సాయంత్రం మా పై అధికారి ఫోన్ చేశారు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. "సాంకేతిక కారణాలవల్ల ఈ వరసను తప్పించామని చెప్పండి మేడం. అంతకుమించి ఎవరూ అడగరు," అన్నారు. ఆ తర్వాత టీకొట్టు దగ్గరి పెద్దరైతు ఇంటికే వచ్చాడు. ఎలా తెలిసిందో తెలిసింది.

"అమ్మగారూ, అవతలి దేశం సరుకు దొంగతనంగా హనుమాన్ జంక్షన్లో దిగుతోందని ఎప్పటినుంచో అనుమానమే. పురుగు అందులోంచి వచ్చిందని మీరొక్క మాటనండి చాలు. గేటు తెరవరు. మీ ఇంటి పరువూ నిలబడతది."

"మీరు చూశారా, ఆ సరుకు?"

"చూడాలేంటండీ? మీరంటే నమ్ముతారు."

అదే నన్ను భయపెట్టింది. నిజంగానే నమ్ముతారు. ఆ ఆవిడ కూడా నమ్ముతుంది, భయం తీరక తోట అమ్మేస్తుంది. గోడ లోపల మాత్రం ఏమీ మారదు.

రెండో సభకు పొరుగు దేశం నుంచి నలుగురు వచ్చారు. వాళ్ళలో పెద్దాయనకు డెబ్బై దగ్గర పడి ఉంటాయి. పక్కన మాటలు తర్జుమా చేసే మనిషి. నేను పటాన్ని గోడకు తగిలించి ఎర్రచుక్కలు చూపించాను.

"ఎక్కడినుంచి వచ్చిందండీ పురుగు?" అని ఎవరో అరిచారు.

"చుక్కలు ఎటువైపు ఒత్తుగా ఉన్నాయో చూడండి. ఆ గోడ మాది. లోపలి చెట్లు మావి. రాలిన కాయ ఏరకూడదని నియమం పెట్టిందీ మేమే. ఈ పురుగు ఏ సరిహద్దూ దాటి రాలేదు. ఈవిడ తోట తప్పేమీ లేదు. ఈవిడ తోటకు పట్టింది మా వల్లే."

"పోయినసారి ఇంకోటి చెప్పారే!"

"చెప్పాను. అది తప్పు."

ఎవరో పకపకా నవ్వారు. పెద్దరైతు తల దించుకుని సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. తప్పు చెప్పానని మా ఇంటివాళ్ళెవరూ నలుగురిలో అనగా నేను వినలేదు. 

వచ్చినవాళ్ళలో పెద్దాయన తర్జుమా మనిషితో ఏదో అన్నాడు. ఆ తోపు చూస్తానంటున్నాడట. వెళ్ళాం. ఆ ఆవిడా వచ్చింది. గోడ దగ్గర ఎవరూ చెప్పకముందే ఆయన బూట్లు విప్పాడు. నేనూ చెప్పులు విప్పాను. నేను కొట్టిన టెంక చెక్కను తీసుకుని, నల్లపొడిని వేలితో తాకి, నెమ్మదిగా రెండు మాటలన్నాడు. 

"ఏమన్నారు?" అని తర్జుమా మనిషిని అడిగాను.

"వాళ్ళ ఊళ్ళో కూడా ఇలాంటి తోపు ఉందటండి. ఇలాంటి కాయను అక్కడ..." అని ఆగాడు. "ముందువాళ్ళు తిన్న కాయ అంటారట."

ఆ ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె నన్ను తాకడం అదే మొదలు. సరిగ్గా అప్పుడే లోపల ఎక్కడో కాయ రాలింది. తర్వాత ఇంకొకటి. పెద్దాయన తల ఎత్తలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఆయనా లెక్కపెడుతున్నాడని నాకు అర్థమైంది.

మా వరసను ఆ ఏడాదికి ఒప్పుకోలేదు. పురుగున్న చెట్లు తీసేసి, టెంకలన్నీ ఏరి కాల్చి, కొన్ని కాపులు శుభ్రంగా వచ్చాక మళ్ళీ పిలవమని రాసి ఇచ్చారు. సుంకాల ఒప్పందం మాత్రం ఇంకా టీవీల్లో నలుగుతూనే ఉంది. మండీ వ్యాపారీ పెద్దరైతూ ఇప్పటికీ అదే టీకొట్టు దగ్గర అదే వాదన సాగిస్తున్నారని విన్నాను. నా పటం అప్పుడు ఇద్దరికీ పనికి రాలేదు.

తిరిగి వస్తుంటే ఆవిడ అడిగింది. "అయితే పురుగేనంటారా? పెద్దలు కాదా?"

"పురుగే."

"మరి మీరు చెప్పులు ఎందుకు విప్పారండీ?"

నేను నడక వేగం పెంచాను. ఆమె చాలా రోజుల తర్వాత నవ్వింది. మండీ ఆయనకు తోట ఇవ్వనని కబురు పంపింది. గోడ పక్క వరసల్లో ఎర్రచుక్క పడిన చెట్లు కొట్టించి, వేసవి పొడుగునా నేల ఊడ్చి, టెంకలు కాల్చింది. నాలుగో కాపుకు నేను వెళ్ళి కొట్టి చూశాను. అన్నీ తెల్లటి జీళ్ళే. నేను మొదటిసారి "ఏమండీ" అని పిలిస్తే ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసింది.

కొత్తగా చేరిన మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఫారంలో ఏ స్థలాన్ని "ఇది తోట కాదు" అని దాటేస్తున్నారో, ముందు అక్కడికి వెళ్ళండి. అది మీ ఇంటిదైతే ఇంకా ముందు వెళ్ళండి.

ఆ వేసవిలోనే మా చెట్లు కొట్టించిన రోజు నేను గోడ మీద కూర్చున్నాను. రంపం తగిలిన ప్రతిసారీ బెరడు సందుల్లోంచి పురుగులు సమాధుల మీద రాలి, కాళ్ళు ముడుచుకుని, నల్లగా, కదలకుండా పడ్డాయి. కూలీలు రంపం ఆపి నా వైపు చూశారు. కానివ్వమన్నాను. వాళ్ళు మంచినీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి సమాధుల మీద ఒక్కటీ లేదు.

ఏడు చెట్ల మొద్దులనూ హనుమాన్ జంక్షన్లో ఒక కలప డిపోకు అమ్మాను. వాటిని కోసి పళ్ళ పెట్టెలు చేసి ఊరూరికీ పంపుతారట. మరుసటి ఏడు ఆ నలభై సెంట్లనూ, సమాధులు తీయించకుండా, ఆవిడకే రిజిస్టరు చేసి ఇచ్చాను.